గుర్రప్పిల్ల కాళ్ళకు బద్దలు కట్టాలా, వదిలేయాలా?

గుంటూరు గుర్రబ్బండి:
మా గుర్రం నిన్న తెల్లవారుజామున ఈనింది. పిల్ల లేచింది గానీ వెనక కాళ్ళ గిట్టల కొనలు పైకి లేచి, మడమలు నేలకు ఆనుతున్నాయి. పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే మా బాబాయి వెదురు బద్దలు పెట్టి బిగించమంటున్నాడు. నాన్న ముట్టుకోవద్దంటున్నాడు. ఇంట్లో ఒకటే గొడవ, నాకు టెన్షన్.

బెజవాడ బుల్లోడు:
కట్టాల్సిందే. మా పెదనాన్న గారి ఒంగోలు దూడ ముందుకాళ్ళు ముడుచుకుని పుట్టింది. బద్దలు కట్టాక పది రోజుల్లో నడిచింది, కళ్ళారా చూశా. మొక్కై వంగనిది మానై వంగుతుందా?

గన్నవరం పశువైద్యం:
సామెత బాగుంది గానీ, ఇక్కడ ఎక్కువ వంగడమే సమస్య బ్రదర్. ఆ దూడకి నరం బిగుసుకుంది (మనం నరం అంటాం గానీ అది కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువు). ఈ పిల్లకి అదే వదులుగా ఉంది. వదులు కాలికి బద్దలు కడితే ఆసరాకి అలవాటు పడి ఇంకా వదులవుతుంది. గట్టి నేల మీద రోజూ కొన్నిసార్లు, కాసేపే తల్లి వెంట నడవనివ్వండి. చాలావరకు వారం రెండు వారాల్లో కాలు నిలబడుతుంది. మడమ ఒరుసుకుపోతుంటే పల్చగా గుడ్డ చుట్టండి, చాలు. అప్పటికీ లేవకపోతే గిట్ట కింద వెనక్కి పొడుగ్గా ఉండే బిళ్ళ అతికిస్తారు.

బిగుసుకున్న కాలైతే ఆగకూడదు. మొదటి రెండు మూడు రోజుల్లోనే ఆక్సీటెట్రాసైక్లిన్ ఎక్కువ మోతాదులో రక్తనాళంలోకి ఇస్తారు, స్నాయువు సడలడానికి. ఒంట్లో నీరు తగ్గిన పిల్లకైతే కిడ్నీలు పోతాయి, కాబట్టి అది డాక్టరే చేయాలి. బద్దలు వేసినా రోజూ విప్పి పుండ్లు చూడాలి.

ఇంతకీ ముర్రుపాలు తాగిందా? కాళ్ళ కంటే ముందు అడగాల్సింది అదే. మొదటి రోజు దాటితే అవి తాగినా ఒంటికి పట్టవు.

బెజవాడ బుల్లోడు:
సరే, దూడ సంగతి ఒప్పుకుంటా. మరి కాళ్ళు పక్కకి తిరిగి ఉంటే? అప్పుడు కూడా చూస్తూ కూర్చోమంటారా?

గన్నవరం పశువైద్యం:
ముందుకాలి మోకాలి దగ్గర కాస్త బయటికి తిరగడం మామూలే, ఎదిగే కొద్దీ సర్దుకుంటుంది. గిట్ట పైన ఉన్న కీలు దగ్గర తిరిగితే మాత్రం మీ మాటే కరెక్ట్. అక్కడ ఎముక ఎదుగుదల మూడు నెలలకే దాదాపు ఆగిపోతుంది, ఏం చేసినా రెండు నెలల లోపే చేయాలి.

ఒక మాట మర్చిపోయా. 320 రోజులు నిండకుండా పుట్టిందా? అయితే కీళ్ళలోని చిన్న ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవు, బరువు పడితే నలిగిపోతాయి. అప్పుడు నా నడక సలహా చెల్లదు. ముందు ఎక్స్‌రే తీయించండి.

గుంటూరు గుర్రబ్బండి:
లెక్క చూశాం, 338 రోజులు. పాలు పుట్టిన గంటన్నరకే తాగింది, నాన్న పట్టి నిలబెట్టాడు. రేపు డాక్టర్ గారిని ఇంటికే రమ్మన్నాం. బాబాయి బద్దలు చూరులో దోపాడు, పారేయమంటే పారేయడు.