కడుపులో గడ్డ: ల్యాప్రోస్కోపీ, ఎండోస్కోపీ కలిపి చేయించుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

అలిపిరి_వాసి:
అమ్మకు 58 ఏళ్ళు, తిరుపతిలో ఉంటాం. రెండు నెలలుగా మెట్లెక్కితే ఆయాసం, మోషన్ తారులాగా నల్లగా పోయేది, ఐరన్ మాత్రల వల్లేమో అనుకుని ఊరుకున్నాం. ఎండోస్కోపీలో అన్నవాహిక కడుపులో కలిసే చోటికి కాస్త కింద 3 సెంటీమీటర్ల గడ్డ కనబడింది. ముక్క తీసి పంపితే నార్మల్ అని వచ్చింది, హమ్మయ్య అనుకున్నాం. ఇప్పుడేమో జిస్ట్ (కడుపు, పేగుల గోడలో పుట్టే ఒక రకం కణితి) కావచ్చు అంటున్నారు. ఒక సర్జన్ కడుపు పైభాగం తీసేయాలన్నారు, ఇంకొకాయన లోపల ఎండోస్కోప్, బయట ల్యాప్రోస్కోప్ పెట్టి గడ్డ మేరకే తీయొచ్చన్నారు. ఎవరి మాట వినాలో తెలియక ఇంట్లో ఒకటే టెన్షన్.

చిత్తూరు_మామిడి:
అన్నా, జిస్ట్ పైపొర కింద, కండ పొరలో పుడుతుంది. మామూలు ఎండోస్కోపీలో గిల్లితే చాలాసార్లు పైపొరే వస్తుంది, నార్మల్ రాక ఇంకేం వస్తుంది? మా నాయనకు ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చేసి సూదితో ముక్క తీశాకే తేలింది, జిస్ట్‌ను గుర్తుపట్టే సీడీ117 పరీక్ష పాజిటివ్. మాకు వేలూరు గంట దూరమే కాబట్టి అక్కడికి తీసుకెళ్ళాం. మీ రెండో సర్జన్ చెప్పిన పద్ధతే చేశారు, దాన్ని లెక్స్ అంటారు, జపాన్ డాక్టర్లు 2008లోనే దీని గురించి రాశారు. లోపలికి పెరిగిన గడ్డ అంచు బయటి నుంచి సరిగ్గా తెలియదు, అందాజాగా స్టేప్లర్ వేస్తే మంచి కడుపు కూడా పోతుంది, అన్నవాహిక దగ్గరైతే దారి ఇరుకైపోతుందని ఇంకో భయం. అందుకని ఒక డాక్టర్ నోటి గుండా వెళ్ళి గడ్డ చుట్టూ గుర్తులు పెట్టి లోపలి నుంచి కోసుకొస్తారు, సర్జన్ పొట్ట మీది రంధ్రాల గుండా మిగతాది కోసి, గడ్డను సంచిలో వేసి బయటికి తీసి, కడుపు మూసేస్తారు.

మదనపల్లి_రవి:
మా బావది మామూలు కడుపు క్యాన్సర్. ఆయనకూ ఇట్లా చేస్తారా?

చిత్తూరు_మామిడి:
అది వేరే లెక్క రవీ. జిస్ట్ లింఫ్ గ్రంథులకు పాకడం చాలా అరుదు కాబట్టే గడ్డ వరకు తీస్తే సరిపోతుంది. క్యాన్సర్‌లో చాలామందికి గ్రంథులు కూడా తీయాలి. మీ డాక్టర్‌నే అడుగు.

కాణిపాకం_కోడలు:
తమ్ముడూ, నల్ల మోషన్ అన్నావు కదా, గడ్డ మీద పుండు పడిందేమో ముందు కనుక్కో. మా అత్తకు అదే ఉండింది. పుండు ఉంటే కడుపు తెరిచినప్పుడు గడ్డ కణాలు పొట్టలోకి రాలే ప్రమాదం ఉందని, కడుపు తెరవకుండానే తీసే పద్ధతి ఎంచుకున్నారు. ఇంకో మాట, ఇద్దరు డాక్టర్లూ కలిసి ఇంతకుముందు ఎన్ని చేశారో మొహమాటపడకుండా అడుగు. మేము మొదట వెళ్ళిన చోట ఆ మాటకే విసుక్కున్నారు, లేచి వచ్చేశాం. ఆపరేషన్ తర్వాత బయాప్సీలో కణాలు ఎంత జోరుగా చీలుతున్నాయో చూసి, జిస్ట్ మళ్ళీ రాకుండా ఇమాటినిబ్ అనే మాత్రలు రాశారు, మూడేళ్ళు వాడాలట. పొద్దున లేస్తే కళ్ళ చుట్టూ వాపు, అంతకుమించి ఇబ్బంది లేదు.

చిత్తూరు_మామిడి:
నాయనకు మాత్రలే రాయలేదు, గడ్డ చిన్నది, చీలిక తక్కువ. స్కాన్‌కు మాత్రం తప్పకుండా రమ్మన్నారు.

అలిపిరి_వాసి:
థాంక్స్ అక్కా, అన్నా. సోమవారం వెళ్తున్నాం, పుండు సంగతే మొదట అడుగుతా. అమ్మ మాత్రం రాగిసంగటి మళ్ళీ ఎప్పుడు తినొచ్చని అడుగుతోంది.

చిత్తూరు_మామిడి:
మొదట్లో జావే. నెలన్నర తర్వాత నాయన మొదలుపెట్టాడు, చిన్న ముద్ద, చెనిక్కాయల ఊరిబిండితో. కారం తక్కువని రోజూ గొడవ.