పాత మిద్దె ఇంట్లో కరెంటు వాడకాన్ని కృత్రిమ మేధ తగ్గించగలదా?

ప్రశ్న (నెల్లూరు, దర్గామిట్ట):
మాది 1994లో కట్టిన ఇల్లు. మేము పైఅంతస్తులో ఉంటాము. కత్తెర ఎండల్లో రాత్రి పది దాటినా స్లాబు వేడి దిగదు. మే నెలలో వాడకం 430 యూనిట్లకు చేరింది. ఏసీకి ఒక పెట్టె తగిలిస్తే అది కృత్రిమ మేధతో మన అలవాట్లు నేర్చుకుని బిల్లు తగ్గిస్తుందని ఒక దుకాణదారు చెబుతున్నారు. గోడలు కదపకుండా, ఉన్న ఇంటికి ఇది నిజంగా పనికొస్తుందా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (ఒంగోలు):
అలవాట్లు నేర్చుకునే థర్మోస్టాట్ (గది వేడిని బట్టి ఏసీనో హీటరునో నడిపే పరికరం) అనే మాట 2011లో వచ్చిన నెస్ట్ పరికరంతో ప్రచారమైంది. ఇల్లంతటికీ ఒకే హీటరో ఒకే ఏసీయో ఉండి, మనుషులు లేని వేళ కూడా అది తిరుగుతూ ఉండే దేశాలకు ఆ పరికరం సరిపోతుంది. ఎందుకంటే అక్కడ వృథాను ఆపడమే ఆదా. గది దాటగానే "ఏసీ ఆపండ్రా" అని అమ్మ కేకవేసే మన ఇళ్లలో ఆ ఆదా ఎప్పుడో జరిగిపోయింది. అక్కడి శాతాలు చూపించి ఇక్కడ అమ్మితే నమ్మకండి.

కృత్రిమ మేధ నిజంగా ఉపయోగపడేది మరోచోట. మెయిన్ దగ్గర ఒక్క సెన్సార్ పెట్టి, కరెంటు ఎగుడుదిగుళ్లను బట్టి ఏ పరికరం ఎంత తింటోందో విడదీసే పద్ధతిని 1980లలోనే అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జార్జి హార్ట్ రూపొందించారు. ఇప్పటి యాప్‌లు దానికి పదును పెట్టాయి. మీరు పైసా ఖర్చు లేకుండా మొదలుపెట్టవచ్చు. మీటరుపై 3200 అని రాసి ఉంటే, ఎర్రదీపం 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్. రాత్రి అన్నీ ఆపి లెక్కపెట్టండి. మన రాష్ట్రంలో 400 దాటిన ప్రతి యూనిట్‌కు 9.75 రూపాయలు కనుక పై ముప్పై యూనిట్లు తగ్గినా తేడా తెలుస్తుంది.

జవాబు (కావలి):
నేను అలాంటి సెన్సార్ పెట్టించాను. మొదటి వారం అది గ్రైండర్‌ను నీళ్ల మోటారుగా రాసుకుంది. అయినా ఫ్రిజ్ కంప్రెసర్ తెల్లవార్లూ ఆగడం లేదని పట్టి ఇచ్చింది. తలుపు మధ్య కాగితం పెట్టి మూస్తే సులువుగా జారి వచ్చింది, రబ్బరు పాడైందన్నమాట. యాప్ చూపించగలదు, రబ్బరు మార్చలేదు. మీ అసలు సమస్య మిద్దె. పైన తెల్ల సున్నం వేయండి. పాత ఫ్యాన్లు 75 వాట్లు తింటాయి, కరెంటు తక్కువ తినే కొత్తరకం బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్లు 30 దగ్గర ఆగుతాయి; నాలుగు ఫ్యాన్లు రోజుకు పది గంటలు తిరిగితే నెలకు 54 యూనిట్లు మిగులుతాయి. ఈ రెండూ చేశాకే ఏసీ తెలివి గురించి ఆలోచించండి. సాయంత్రం సముద్రపు గాలి తిరిగిన వేళ ఏసీ ఆపి కిటికీలు తీయమని చెప్పే పెట్టె వస్తే మాత్రం నేనే ముందు కొంటాను.

ప్రశ్నించినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఫ్రిజ్‌తో సహా స్విచ్‌లన్నీ ఆపి, టార్చి పట్టుకుని మీటరు దగ్గర నిలబడ్డాను. అయినా దీపం నిమిషానికి ఆరుసార్లు వెలిగింది. అంటే నెలకు ఎనభై యూనిట్లు! వెతికితే ఎనిమిదేళ్లనాటి ఇన్వర్టర్ బ్యాటరీ ఎప్పటికీ నిండక ఛార్జ్ అవుతూనే ఉంది. పెట్టె కొనడం మానుకుని బ్యాటరీ మార్పిస్తున్నాను, ఆదివారం సున్నం వేయిస్తాను. అందులో బంక కలిపితే కార్తీకం వానలకు నిలుస్తుందా?