ఊకతో నీళ్లలో సీసం తీయొచ్చా?

చీపురుపల్లి: మా చుట్టూ రైస్ మిల్లులే. నీళ్లలోని సీసం, కాడ్మియం లాంటి విష లోహాల్ని ఊక పట్టేస్తుందంటారు. ఆర్వో బదులు పనికొస్తుందా?

రాజాం_ఊక: భేషుగ్గా. పచ్చి ఊక మాత్రం వద్దు, రంగు దిగుతుంది. దుమ్ము కడిగి, పొడి చేసి, అర నుంచి ఒక మిల్లీమీటరు జల్లెడ పట్టండి. లీటరుకు 4 గ్రాముల కాస్టిక్ సోడా వేసిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, కడిగి ఆరబెట్టండి. గొట్టంలో నింపి నీళ్లు కింద నుంచి పైకి పంపాలి. పై నుంచి పోస్తే ఒకే దారి చేసుకుని జారిపోతాయి. పైన జాలీ బిగించండి, ఊక తేలుతుంది. నీళ్ల పీహెచ్ (ఆమ్లమా క్షారమా అని చెప్పే కొలత) 5 నుంచి 5.5 ఉండాలి.

నీటిపరీక్ష: ఆ కడగడం దగ్గరే ఉంది తిరకాసు. కాస్టిక్ పూర్తిగా పోకపోతే పీహెచ్ 8 దాటుతుంది, సీసం కరగని హైడ్రాక్సైడుగా మారి అడుగున పడుతుంది. పేరేమో ఊకకి! ఊక లేకుండా అదే పీహెచ్‌లో ఆ నీళ్లు ఒక సీసాలో పెట్టి, సీసం ఎంత తగ్గిందో చూశారా?

పలాస: జీడి పిక్క తొక్క వాడొచ్చా?

నీటిపరీక్ష: నూనె తీయకుండా వద్దు. అందులోని ఫినాళ్లనే రసాయనాలు నీళ్లలోకి దిగుతాయి.

రాజాం_ఊక: కడిగిన నీళ్లు 7కి వచ్చేదాకా కడగమనే కదా అర్థం. అన్నీ విడమరిచి చెప్పాలా?

నీటిపరీక్ష: చెప్పాలి. జనం చదివి చేసేస్తారు. పైగా ప్రయోగాలు ఎక్కువగా డిస్టిల్డ్ వాటర్‌తో. మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఊక మీద సీసం అంటుకునే చోట్లకే పోటీకొస్తాయి. ఊక లేని సీసా సంగతి ఇంకా చెప్పలేదు.

గరివిడి: మాంగనీసుకి?

రాజాం_ఊక: దానికి ఊక దండగ. పర్మాంగనేట్ వేసి ఇసుక ఫిల్టరులో వడకట్టుకోండి.

సోంపేట: మా ఉద్దానం కిడ్నీ జబ్బుకి ఇది మందా?

నీటిపరీక్ష: కాదండీ. ఆ జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ఆ పేరు చెప్పి ఎవరైనా ఊక ఫిల్టరు అమ్మితే కొనకండి.

రాజాం_ఊక: ఏటండీ, ఎప్పుడూ ఇంతే! ఊరి సరుకు అనగానే వంద వంకలు. ఆర్వో అమ్మేవాళ్ల మాటలా ఉంది.

నీటిపరీక్ష: నోరు జాగ్రత్త. తాగే నీటికి సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాములు, కాడ్మియం 0.003 దాటకూడదు. మీ గొట్టం అక్కడిదాకా దించుతుందా?

రాజాం_ఊక: తాగే నీళ్లని నేనెప్పుడన్నాను? నేను చెప్పేది ప్లేటింగ్ (లోహపు పూత వేసే) షాపుల కడుగు నీళ్ల గురించి.

నీటిపరీక్ష: అడిగినాయన ఆర్వో బదులన్నాడు, మీరు భేషుగ్గా అన్నారు! సరే, కడుగు నీళ్లే. రోజుకు 10,000 లీటర్లు, లీటరుకు 5 మిల్లీగ్రాముల సీసం. గ్రాము ఊక 5 మిల్లీగ్రాములు పట్టినా రోజుకు 10 కిలోలు, నెలకు 300. ఎక్కడ పారేస్తారు?

రాజాం_ఊక: మిల్లు బాయిలర్లో.

నీటిపరీక్ష: అదీ భయం! సీసం కాలిపోదు. కొంత పొగలో పోతుంది, మిగతాది బూడిదలో. ఆ బూడిద పొలాలకి, ఇటుకల బట్టీలకి వెళ్తుంది. అది ప్రమాదకర వ్యర్థం, విశాఖ దగ్గర పరవాడలో అలాంటివి పూడ్చే కేంద్రానికి పంపాలి. ఊక ఉచితమే, పారేయడం ఉచితం కాదు.

రాజాం_ఊక: పారేయక్కర్లేదు. పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో కడిగితే సీసం వదులుతుంది, ఊక మళ్లీ వాడొచ్చు. ఆ యాసిడ్‌కి సున్నం వేస్తే సీసం మడ్డిగా దిగుతుంది.

నీటిపరీక్ష: చివరికి సున్నమే అయితే మొదటే వేయొచ్చుగా?

రాజాం_ఊక: పది వేల లీటర్లకి సున్నం వేయడం, వంద లీటర్ల యాసిడ్‌కి వేయడం ఒకటేనా?

నీటిపరీక్ష: ఆ వంద లీటర్ల సంగతి మొదటి పోస్టులోనే రాయాల్సింది. ఊక లేని సీసా మాత్రం పెట్టి చూడండి.