ఉత్తర ధ్రువం దగ్గర నిజంగా బొక్క ఉందా? మామయ్యకి ఏం చెప్పాలి?

మారతహళ్ళి పీజీ:
మొన్న ఆదివారం కేఆర్ పురంలో మా మామయ్య వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. పప్పుచారు చల్లారిపోయేదాకా ఒకటే టాపిక్. ఉత్తర ధ్రువం మీద పెద్ద నల్లటి బొక్క ఉందట, శాటిలైట్ ఫోటో ఉందట, బర్డ్ అనే అమెరికా అడ్మిరల్ 1947లో విమానంలో అందులోకి వెళ్ళి లోపల పచ్చటి అడవులు చూసి రహస్య డైరీ రాశాడట. ఫోటో అయితే నిజంగానే భయంగా ఉంది, నడిమధ్యలో కాటుక పెట్టినట్టు గుండ్రంగా. తెలిసినవాళ్ళు చెప్పండి.

వేడి ఫిల్టర్ కాఫీ:
ఆ ఫోటో దొంగది కాదు బ్రో. 1968 నవంబర్‌లో ఎస్సా-7 అనే అమెరికా వాతావరణ ఉపగ్రహం తీసింది. కాకపోతే ఒక్క క్లిక్‌లో తీసింది కాదు, రోజంతా తీసిన ముక్కలు కలిపి అతికించారు. నవంబర్‌లో అక్కడ సూర్యుడు ఉదయించడు, సెప్టెంబర్ చివర అస్తమిస్తే మళ్ళీ మార్చిలోనే. చీకట్లో మామూలు కెమెరాకి ఏం పడుతుంది? ఆ నలుపు బొక్క కాదు, రాత్రి.

హెబ్బాళ ఫ్లైఓవర్ బాధితుడు:
బర్డ్ సంగతి ఇంకా కామెడీ. 1947 ఫిబ్రవరిలో ఆయన ఉన్నది అంటార్కిటికాలో, ఆపరేషన్ హైజంప్ అని అమెరికా నేవీ పెద్ద యాత్ర. ఆ "డైరీ" మాత్రం అదే నెలలో ఆయన్ని ఉత్తరాన ఎగరేసింది. రాసినవాడు కనీసం దిక్కయినా చూసుకోవాల్సింది. దక్షిణాన బొక్క అంటారేమో, అక్కడ సరిగ్గా ధ్రువం మీదే 1956 నుంచి అముండ్‌సెన్-స్కాట్ స్టేషన్‌లో మనుషులు ఉంటున్నారు.

పాత పంచాంగం:
మామయ్యగారిని మరీ వెక్కిరించకండి, హాలీ తోకచుక్కకి పేరిచ్చిన శాస్త్రవేత్త హాలీ కూడా 1692లో భూమి లోపల డొల్ల అనే అన్నాడు, దిక్సూచి ముల్లు ఏటేటా ఎందుకు జరుగుతోందో చెప్పడానికి. ఆయనకి శాస్త్రం కంటే మనవాళ్ళ మాట ఎక్కుతుందేమో చూడు. మన పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం మేరువుని ధ్రువం దగ్గరే పెట్టింది, అక్కడి దేవతలకి ఆరు నెలలు పగలు, ఆరు నెలలు రాత్రి అంది. ఫోటోలో ఉన్నది ఆ రాత్రే.

మారతహళ్ళి పీజీ:
చెప్పాను అండీ. "సంక్రాంతికే కదరా దేవతలకి తెల్లారేది, అయితే జనవరి ఫోటో తెల్లగా ఉండాలిగా" అని ఎదురడిగాడు!

పాత పంచాంగం:
గట్టివాడే మీ మామయ్య! సంక్రాంతితో మొదలయ్యే ఉత్తరాయణమే దేవతలకి పగలనేది వాడుక మాట. సూర్యసిద్ధాంతం ప్రకారం మేరువు మీద సూర్యోదయం మేషం మొదట్లో, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు నాడు. మార్చి దాకా ఆగమను.