మానసిక వైద్యం ఓపీలో మొదటి మాటలు: పేషెంట్‌తో విడిగానా, ఇంటివాళ్ళ ముందా?

ఓపీ బల్ల, తిరుపతి:
ప్రభుత్వ ఆస్పత్రి మానసిక వైద్య విభాగంలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. కొత్త పేషెంట్ల హిస్టరీ రాయడం నా పని. ఏం కష్టం, ఎప్పటినుంచి, నిద్ర, ఆకలి, తాగుడు, వాడిన మందులు, చచ్చిపోవాలనే ఆలోచన ఉందా లేదా, ఇవన్నీ కేస్ షీట్‌లో ఎక్కాకే మనిషి డాక్టరు దగ్గరికి వెళ్తాడు. ఓపీ రద్దీలో డాక్టరుకు దొరికేది కొద్ది నిమిషాలే కాబట్టి, ఆయన ఏం అడుగుతారన్నది చాలావరకు ఆ షీట్ మీదే ఆధారపడుతుంది.

మాలో మాకు తెగని పంచాయితీ ఒకటుంది. మొదట పేషెంట్‌తో విడిగా మాట్లాడాలా, ఇంటివాళ్ళను పక్కన కూర్చోబెట్టుకునే మాట్లాడాలా? నేను విడిగానే అంటాను. కోడలిని అత్త వెంటబెట్టుకొస్తుంది. "గాలి సోకింది మేడం, తాయెత్తు కూడా కట్టించినాం, పొద్దస్తమానం ఏడుపే" అంటుంది. ఆమె పక్కనుండగా "ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటారా" అని అడిగితే ఆ పిల్ల తల అడ్డంగా ఊపుతుంది. నేను "ఇంట్లో సమస్యలు లేవు" అని రాయాలి. ఆ అబద్ధం రికార్డులో నిజమై కూర్చుంటుంది. ఇంటర్ పిల్లలదీ ఇదే వరస, నాన్న పక్కనుంటే నీట్ గురించి ఒక్క మాట బయటికి రాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ పేషెంట్ విషయాలు గోప్యంగా ఉంచమంటోంది. ఇంటివాళ్ళను కాసేపు బయట ఉంచడం మన బాధ్యతేనని నా ఉద్దేశం. మీరేమంటారు?

పాకాల తమ్ముడు:
మేడం, మీరు బయట ఉంచే ఆ ఇంటివాళ్ళలో నేనొకణ్ణి. మా అన్న మీ బల్ల ముందు పది నిమిషాలు ఎంత చక్కగా మాట్లాడతాడో చెప్పలేను. "నిద్ర బాగుంది, తిండి బాగుంది, వీళ్ళే ఊరికే తెచ్చినారు" అంటాడు. ఎదురింటివాళ్ళు తన ఫోన్ వింటున్నారని రాత్రి రెండింటికి మిద్దెక్కి అరిచేది మేం చూస్తాం. మాత్ర నాలుక కింద దాచి ఉమ్మేసేదీ మేమే చూస్తాం. తొలి బస్సుకు వచ్చి, చీటీ లైన్లో నిలబడి, ఆ రోజు కూలి పోగొట్టుకుని తెస్తే మీ మొదటి మాట "మీరు బయట ఉండండి". అన్నకు అప్పటికే మా మీద అనుమానం. మమ్మల్ని పంపేస్తే "చూశారా, మీరు మంచోళ్ళు కాదని మేడంకి కూడా తెలిసిపోయింది" అంటాడు. ఇంటికెళ్ళాక ఆ మాట పడేది ఎవరు?

రిటైర్డ్ ఏఎన్ఎం, చంద్రగిరి:
తమ్ముడి వైపే నేనూ. ముఖ్యంగా తాగుడు కేసుల్లో. మన పక్క సంగతి తెలిసిందే, కాణిపాకం వెళ్ళి వినాయకుడి ముందు ఇక తాగనని ప్రమాణం చేస్తారు. మాట మీద నిలబడే మనిషైతే ఆ రోజే మానేస్తాడు. ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగినవాడు ఒక్కసారిగా మానితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత, నాలుగో రోజు లోపల, కొందరికి వణుకు, చెమటలు, లేని పురుగులు కనబడటం, ఎక్కడున్నారో తెలియకపోవడం. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఇంట్లోవాళ్ళేమో పిచ్చి పట్టిందనో, దేవుడు శిక్షించాడనో తెస్తారు. అక్కడ అన్నిటికన్నా ముందు అడగాల్సింది, చివరిసారి ఎప్పుడు తాగాడు అని. అతను చెప్పే స్థితిలో ఉండడు. భార్య గంటతో సహా చెప్తుంది.

ఫిట్స్ ఎలా వచ్చాయో కూడా చూసినవాళ్ళే చెప్పాలి. పెద్దవాళ్ళ తికమక మాటలు నెలలుగా ఉన్నాయా, మొన్నటినుంచేనా అన్నదీ అంతే. మొన్నటినుంచే అయితే యూరిన్ ఇన్ఫెక్షనో, సోడియం తగ్గడమో కావచ్చు, ముందు జనరల్ మెడిసిన్‌కి పంపాలి. ప్రమాణాన్ని నేను తప్పుపట్టడం లేదు, దానివల్ల మానినవాళ్ళు చాలామందే తెలుసు. కాణిపాకం బయల్దేరేముందు ఒకసారి డాక్టరుకు కనబడమంటాను.

రేణిగుంట సామి:
విడిగా అంటున్నారు సరే, గది ఏది సామీ? ఒకటే హాలు, పక్క బల్ల కేసు మనకు వినబడుతుంది, మనది వాళ్ళకు. ఇంటివాళ్ళను పంపినా ఊరంతా వింటుంది.

లా చదువుతున్నా, చిత్తూరు:
23వ సెక్షన్ గోప్యత హక్కు ఇస్తుంది, ఇంటివాళ్ళను గదిలోంచి పంపమని అనదు. 14వ సెక్షన్ కింద పేషెంట్ తన తరఫున ఒకరిని నామినేట్ చేసుకోవచ్చు, ఆ ప్రతినిధికి అవసరమైన సమాచారం ఇవ్వచ్చు. ఎవరికైనా హాని జరిగే ప్రమాదముంటే దానికీ మినహాయింపు ఉంది. ఇక ఇంటివాళ్ళు చెప్పేది వినడానికి గోప్యత ఎప్పుడూ అడ్డం కాదు. పేషెంట్ చెప్పింది వాళ్ళకు చేరవేస్తేనే తంటా. ఇక్కడ అందరూ ఈ రెండిటినీ కలిపేసి వాదిస్తున్నారు.

ఓపీ బల్ల, తిరుపతి:
చట్టం పంపమనలేదు, సరే. అత్త పక్కనుండగా ఆ పిల్ల హక్కు ఎలా నిలుస్తుందో కూడా చట్టం చెప్పలేదు కదా. ఏఎన్ఎం అక్క చెప్పిన కేసుల్లో నేనూ భార్యనే ముందు అడుగుతాను. నా వాదన, మాట్లాడగలిగీ భయంతో మాట్లాడనివాళ్ళ గురించి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తోందా అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టదని పరిశోధనల్లో తేలింది. కానీ తల్లి పక్కనుంటే "అట్లాంటివేమీ లేవు మేడం" అని జవాబు తల్లే ఇచ్చేస్తుంది.

విడిగా మాట్లాడినా "ఎవరికీ చెప్పను" అని మాటివ్వను. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు లైంగిక వేధింపు సంగతి చెప్తే 2012 పోక్సో చట్టం ప్రకారం రిపోర్ట్ చేసి తీరాలి. ఆ మాట ముందే చెప్తాను. అది విని కొందరు నోరు మూసేసుకుంటారు, దానికి నా దగ్గర ఉపాయం లేదు.

తిరుపతిలో ఇంకో రకం కూడా ఉంటారు. బస్టాండులోనో, రైల్వే స్టేషన్ దగ్గరో దిక్కు లేకుండా తిరుగుతుంటే పోలీసులు తెచ్చేవాళ్ళు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం వాళ్ళను లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లోగా ఆస్పత్రికి చేర్చాలి. ఒడియానో, మరాఠీయో మాట్లాడతారు, వెంట ఎవరూ ఉండరు. అలాంటప్పుడు పాకాల తమ్ముడిలాంటివాడు ఒక్కడుంటే బాగుండనిపిస్తుంది.

గది లేదు సామీ. అందుకే "ఈ చీటీ మీద సీల్ వేయించుకు రండి" అని తోడొచ్చినవాళ్ళను పంపి, ఆ కాసేపట్లో అడగాల్సింది అడుగుతాను.

పాకాల తమ్ముడు:
సీల్ కోసం నన్నూ పంపినారు. ఇప్పుడర్థమైంది! ఎందుకండీ ఈ నాటకం? "మొదట పేషెంట్‌తో, తర్వాత ఇంటివాళ్ళతో, ఇక్కడ అందరికీ ఇదే పద్ధతి" అని తెలుగులో, తమిళంలో బోర్డు పెట్టండి. అన్నకు కొత్త అనుమానం రాదు, మాకు అవమానం ఉండదు.

రిటైర్డ్ ఏఎన్ఎం, చంద్రగిరి:
ఆ బోర్డు చదివితే అత్త కోడల్ని అట్నుంచటే వెనక్కి తీసుకెళ్తుంది. బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని తేలింది. గడప దాకా వచ్చినవాళ్ళను పోగొట్టుకోవద్దు, సీలే నయం. ఇంట్లోంచి కదల్లేనివాళ్ళకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ లైన్ టెలి మానస్ 14416 ఉంది, డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. కాకపోతే ఫోను కూడా అత్త చేతిలోనే ఉండే ఇళ్ళు నాకు తెలుసు.

పాకాల తమ్ముడు:
అయితే మాకు బోర్డు, అత్తలకు సీలు. ఎవరు ఏ రకమో తేల్చేది ఎవరు?

ఓపీ బల్ల, తిరుపతి:
బల్ల దగ్గరున్న మనిషే తేల్చాలి. ముందు పేరు, ఊరు పేషెంట్‌నే అడుగుతాను. ఆ రెండిటికీ జవాబు పక్కవాళ్ళ నోట్లోంచి వస్తే సీల్‌కి పంపుతాను.