టైల్స్‌కి డ్రిల్ చేయకుండా షవర్ కర్టెన్ రాడ్ నిలబెట్టడం ఎలా?

మా బాత్రూంలో షవర్‌కీ కమోడ్‌కీ మధ్య అడ్డేమీ లేదు. ఒకరు స్నానం చేసి వస్తే నేలంతా తడే. తర్వాత వెళ్ళేవాళ్ళు ఎక్కడ జారిపడతారోనని టెన్షన్. గాజు పార్టిషన్ దాకా వద్దు, కర్టెన్ చాలనుకున్నాం. గోడకీ గోడకీ మధ్య దాదాపు 150 సెంటీమీటర్లు.

అద్దె ఇల్లు, ఓనర్ డ్రిల్లింగ్‌కి ఒప్పుకోరు. అందుకని లోపల స్ప్రింగ్ ఉండి రెండు గోడల మధ్య బిగుసుకుని నిలబడే రాడ్ పెట్టాం. కర్టెన్ పొడిగా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. తడిసి బరువెక్కాక ఎవరైనా కాస్త గట్టిగా లాగారంటే ఒకవైపు మెల్లగా కిందికి జారుతుంది. టైల్ నున్నగా ఉండటం వల్లా, లేక చివరనున్న రబ్బరు బిళ్ళ సరిగ్గా టైల్స్ మధ్య గీత మీద పడటం వల్లా? టైల్‌ని స్పిరిట్‌తో తుడిచి, ఆరాక బిగిస్తే పట్టు పెరుగుతుందా? గోడకి అంటించే హోల్డర్లు ఉన్నాయి కదా, అవి ఆవిరికీ తడికీ ఎన్నాళ్ళు ఆగుతాయి? పీకేటప్పుడు మరక మిగులుతుందా? వాడినవాళ్ళే చెప్పండి, అమ్మేవాళ్ళు ఎలాగూ అద్భుతం అనే అంటారు.

ఇంకోటి. వేడినీళ్ళు వదిలిన కాసేపటికే కర్టెన్ లోపలికి వచ్చి కాళ్ళకి అతుక్కుంటోంది, మహా చిరాకు. కింది అంచులో బరువులు పెట్టి కుట్టినవి దీనికి పనిచేస్తాయా? నేలకి ఎంత ఎత్తులో ఆపాలి? తగిలితే అంచంతా నల్లమచ్చలు, మరీ పైకుంటే నీళ్ళు బయటికి. మాకు గట్టు లేదు, నేల వాలు మాత్రం షవర్ కింది జాలీ వైపే ఉంది.