అప్‌డేట్: ప్రాక్టీసులో తగిలే బంతి మ్యాచ్‌లో ఎందుకు తగలడం లేదో తెలిసింది

ప్రాక్టీసులో బాగానే కొడుతూ, బేస్‌బాల్ మ్యాచ్‌లో ప్లేటు (బంతి కొట్టే చోట నేలపై ఉండే పలక) దగ్గర నిలబడగానే బిగుసుకుపోతున్నానని, ఏ బంతికైనా బ్యాటు ఊపేస్తున్నానని రెండు నెలల క్రితం అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

పనిచేసింది ఒకే ఒక్క సలహా: బ్యాటర్ నిలబడే బాక్సులోకి అడుగు పెట్టకముందే ఏ బంతి కోసం చూడాలో నిర్ణయించుకోవడం. నా వీడియో చూసిన కోచ్ కూడా లోపం అక్కడే పట్టుకున్నారు. బంతి విసిరే పిచర్ చెయ్యి లేచేసరికి నేను ఇంకా నా మోచేయి ఎంత ఎత్తులో ఉందో చూసుకుంటున్నాను! గంటకు 90 మైళ్ల వేగంతో వచ్చే బంతి సుమారు 0.4 సెకనులో ప్లేటు చేరుతుంది. అందులో మోచేతికి చోటెక్కడ? ఇప్పుడు రెండు స్ట్రైకులు (ఊపినా తగలని బంతి, లేదా కొట్టదగ్గదైనా వదిలేసిన బంతి; మూడు పడితే ఔట్) పడేదాకా నడుము ఎత్తున, లోపలి వైపు వచ్చే ఫాస్ట్‌బాల్ కోసమే చూస్తాను. మిగతావి స్ట్రైకులైనా సరే, వదిలేస్తాను. రెండు పడ్డాక మాత్రం పిడిని కాస్త పైకి పట్టుకుని, బంతిని తాకించడమే పనిగా పెట్టుకుంటాను. బాక్సు బయట ఒక దీర్ఘశ్వాస, అంతే.

తేలికైన బ్యాటు కొనడం శుద్ధ దండగ. కంటి పరీక్షలోనూ ఏమీ తేలలేదు. 1941లో .406 సగటు (అంటే వెయ్యికి 406 హిట్ల లెక్క) సాధించిన బేస్‌బాల్ బ్యాటర్ టెడ్ విలియమ్స్ కూడా పదిలో దాదాపు ఆరుసార్లు విఫలమయ్యాడన్న మాట మాత్రం, ఔటై తిరిగి వస్తున్నప్పుడు బాగా పనికొస్తోంది.

నిన్న మూడుసార్లు ఔటయ్యాను. చెత్త బంతికి మాత్రం ఒక్కసారీ ఊపలేదు.